ముందు ఆసిడ్ గది చూపించు

నానీ,

బెంగళూరు పీణ్యలో షెడ్డు చూశావట, రేడియోల్లో ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉంచే క్వార్ట్జ్ రాతి పలకలు, అవే బ్లాంకులు, కోసి అమ్ముతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే చంకలు గుద్దుకున్నాను. ఇంట్లో నా తరవాత ఆ రాయి ముట్టేవాడు ఒకడున్నాడన్నమాట! రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

గనిలో దొరికే రాయి జోలికి పోకు, ఆటోక్లేవ్‌లో, అంటే వేడీ ఒత్తిడీ పెట్టే ఉక్కు పాత్రలో, పెంచిందే కొను. రంపం మీద తడి ఆరనివ్వకు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. రంపం, పలకల్ని అరగదీసే ల్యాపింగ్ మిషను సెకండ్‌హ్యాండ్‌వైనా ఫరవాలేదు. కోత కోణం కొలిచే ఎక్స్‌రే గోనియోమీటర్ దగ్గర మాత్రం బేరాలు వద్దు. ఏటీ కట్ అనే కోతకి కోణం 35 డిగ్రీల 15 నిమిషాలని (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) నీకూ తెలుసు. అందులో కొద్ది నిమిషాలు అటూఇటూ అయినా గదిలో బాగానే పనిచేస్తుంది, ఎండలో పెట్టిన డబ్బాలో మాత్రం ఫ్రీక్వెన్సీ జారుతుంది. కస్టమరు వచ్చి పోట్లాడడు, ఇంకొకడి దగ్గర కొనుక్కుంటాడు. మొదటి ముక్క తియ్యగానే కోణం చూసుకో, తరవాతే మిగతా దిమ్మె కొయ్యి.

10 మెగాహెర్ట్జ్‌కి బ్లాంకు మందం 0.166 మిల్లీమీటర్లు. అంత పల్చగా అరగదీశాక పైన కంటికి కనబడని పగుళ్ళు మిగులుతాయి. వాటిని వదిలేస్తే కొన్నాళ్ళకి ఫ్రీక్వెన్సీ కదులుతుంది. అందుకే ఆసిడ్‌తో ఆ పైపొర కరిగించే ఎచింగ్ తప్పదు. నా భయమంతా అక్కడే.

నేను మొదట చేరిన యూనిట్ పేరెందుకులే. అక్కడ అమ్మోనియం బైఫ్లోరైడ్ వాడేవాళ్ళం. చూడ్డానికి ఉప్పులా ఉంటుంది, ఎవడూ భయపడడు. నీళ్ళలో పడితే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ తయారవుతుంది. మా సూపర్‌వైజర్ బకెట్ మీద "ఎచ్ లిక్విడ్" అని రాసి ఊరుకున్నాడు. నా పక్క బెంచీ అమ్మాయికి గ్లవ్ చూపుడువేలి కొసన సూది మోపినంత చిల్లు. తడి తగిలింది, మంట లేదు, ఎరుపూ లేదు. ఏప్రన్‌కి తుడుచుకుని పని చేసింది, మాతోపాటు పెరుగన్నం తింది, బస్సెక్కి ఇంటికెళ్ళింది. అర్ధరాత్రి గోరు కింద పోటు మొదలైంది. తెల్లారేసరికి వేలికొస పాలిపోయింది. ఆ ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది, ఎముక దాకా పోతుంది. ఆస్పత్రిలో ఏ ఆసిడ్ అని అడిగితే పాపం ఆ పిల్ల "ఎచ్ లిక్విడ్" అంది. మామూలు కాలిన పుండనుకుని ఆయింట్‌మెంట్ రాసి పంపారు. అసలు పేరు కనుక్కుని మళ్ళీ వెళ్ళేసరికి కొస తీసేయాల్సి వచ్చింది. అంతకుముందు ట్వీజర్‌తో తను ఎత్తిన బ్లాంకు ఒక్కటి అంచు పగిలేది కాదు. తరవాత ప్యాకింగ్‌లో వేశారు.

"పౌడరే కదా, ప్రమాదం లేదు" అన్నాడట నీ పార్ట్‌నర్. వాణ్ణొకసారి నా దగ్గరికి పంపు, చెప్తాను.

బకెట్ మీద అసలు పేరు తెలుగులో, కన్నడలో, హిందీలో రాయించు. గాజు పాత్రల్లో పొయ్యకు, గాజునే తినేస్తుంది. గ్లవ్స్‌లో గాలి ఊది చూడందే ఎవర్నీ లోపలికి పంపకు. చుక్క పడితే నొప్పి కోసం ఎదురుచూడకూడదు. కుళాయి కింద బాగా కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, ఆసిడ్ పేరు రాసిన చీటీతో ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ జెల్ 2.5 శాతంది. దగ్గర్లోని ఆస్పత్రిలో ఉందో లేదో ఇప్పుడే వెళ్ళి కనుక్కో.

తిట్టాననుకోకు నాన్నా. మీ అమ్మకి నువ్వొక్కడివే. డబ్బు చాలకపోతే నా ఎఫ్‌డీ ఒకటి వచ్చే నెల తీరుతుంది, మొహమాటపడకు. జెల్ కొన్న బిల్లు, కుళాయి ఫోటో వాట్సాప్‌లో పెట్టు. అవి చూశాకే షెడ్డుకి అడ్వాన్సు కట్టు.

పెద్దమ్మ