ముందు బియ్యం బస్తా మోసి చూడండి

పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నంలో ఉంటున్న రిటైర్డ్ పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మా లాబ్రడార్‌కి మూడేళ్లు, 32 కిలోలు. డిసెంబరులో నేనూ మా ఆయనా దాన్ని వెంటబెట్టుకుని అనంతగిరి నుంచి అరకు వైపు కాఫీ తోటల గుండా మూడు రోజులు నడుద్దామనుకుంటున్నాం. రాత్రిళ్లు గుడారంలో ఉంటాం. కుక్క వీపుకి తగిలించే సంచి కూడా కొన్నాను. అందులో ఎంత బరువు పెట్టవచ్చు? మా అత్తగారేమో "కుక్కకి కొండలెందుకే, నా దగ్గర వదిలెయ్" అంటున్నారు.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అమ్మా, సంచి సంగతి చిన్న లెక్క. ఒంటి బరువులో పదో వంతు, అంటే మీవాడికి మూడు కిలోలు, రెండు పక్కలా సమానంగా. మొదటి వారం ఖాళీ సంచి తగిలించి ఇంట్లో తిప్పండి. ఏడాదిన్నర నిండని లాబ్రడార్ అయితే ఎముకలు ముదిరి ఉండవు కాబట్టి ఆ మూడు కిలోలూ వద్దనేవాణ్ణి.

మీరు అడగని లెక్క ఇంకోటుంది. ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఉంటే, దాన్ని భుజానికెత్తుకుని ఐదంతస్తులు మెట్లు దిగమని మీ ఆయనతో చెప్పండి. దానికి ఇంకో ఏడు కిలోలు కలిపితే మీ కుక్క. పైగా బస్తా గింజుకోదు. కొండ మీద అది కూలబడితే కిందికి తెచ్చేది మీ ఇద్దరే.

నా అనుభవం చెప్తాను. అప్పుడు నాకు ఏజెన్సీలో ఉద్యోగం. మిరియాల పాదు కింద దొరికిన నల్ల కుక్కపిల్లని పెంచుకుని మిరియం అని పేరు పెట్టాను. నాటు కుక్క, 18 కిలోలు, ఆ కొండల్లోనే పుట్టింది. ఒక మార్చిలో పశువులకి టీకాలు వేసి, దాన్ని తీసుకుని పక్క ఊరికి కాలిబాటన బయల్దేరాను. ఏడింటికి కదలాల్సినవాణ్ణి, టీలూ కబుర్లూ అయ్యేసరికి పది. మిరియం ముందుకి పరిగెత్తడం, వెనక్కొచ్చి నన్ను చూసి తోకాడించడం, మళ్లీ పరిగెత్తడం. పదకొండున్నరకి ఒక సిల్వర్ ఓక్ చెట్టు కింద చతికిలబడింది. నాలుక ఇటుక రంగుకి తిరిగింది. చొంగ జిగురులా సాగుతోంది. పిలిస్తే చూపు తిప్పలేదు. థర్మామీటరు పెడితే 106. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. పశువుల డాక్టర్ని, నా కుక్కకే వడదెబ్బ.

చేతిలో ఉన్న సీసా నీళ్లు పొట్టకీ, చంకలకీ, తొడల లోపలి వైపూ పోసి టోపీతో విసిరాను. (తడిగుడ్డ కప్పి వదిలేయకండి, వేడి బయటికి పోదు. ముందు చల్లబరచండి, తర్వాతే మోసుకుపోండి.) కట్టెలకి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు నా దుప్పటిని గెడకి కట్టి డోలీ చేశారు. వాళ్ల ఊళ్లో నెలలు నిండిన ఆడమనిషిని రోడ్డుకి దించేది అలాంటి డోలీలోనే. అందులో నా కుక్కని వాగు దాకా మోశారు. అక్కడ మళ్లీ తడిపి, 103కి దిగాక ఆపాం. సాయంత్రానికి లేచి నిలబడింది. డబ్బులిస్తే ఆ కుర్రాళ్లు ముట్టుకోలేదు. ఒకడు మాత్రం, "డాక్టరు బాబూ, మా మేకకి జొరమొస్తే మీరూ ఇలాగే మోస్తారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కొండలో పుట్టిన నాటు కుక్క పరిస్థితే అది. మీది మధురవాడ ఫ్లాటులో ఏసీ కింద పడుకునేది, రెండు పొరల బొచ్చున్నది. కుక్కకి అరికాళ్లలో తప్ప చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. డిసెంబరు కదా చలిగా ఉంటుందంటారేమో. తెల్లవారుజామున వణికించే అరకులోనే మధ్యాహ్నం మెట్ట ఎక్కుతుంటే ఎండ చుర్రుమంటుంది. అలసిపోయినా మీ వెనక రావడం మానదు. ఆగాల్సింది మీరే.

అందుకని మూడు రోజుల నడక వద్దు. ఒకే చోట బస పెట్టుకోండి. తెల్లవారగానే బయల్దేరి, తొమ్మిదిన్నరకల్లా బసకి చేరండి. ఎంత దూరం వెళ్తే అంత దూరం తిరిగి రావాలి, కాబట్టి ఎనిమిదింటికే వెనక్కి తిరగాలి. దానికి నీళ్లు ఇంట్లో ఊరికే పడుకున్నా రోజుకి లీటరున్నర పైనే కావాలి, నడిచే రోజున మూడు లీటర్లు పట్టుకెళ్లండి. నిలవ నీళ్లు తాగనివ్వకండి, ఎలుక మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. దాని టీకా, రేబిస్ టీకా తేదీలు చూసుకోండి. అప్పటిదాకా రోజూ పొద్దున్నే సాగర్‌నగర్ బీచ్ ఇసుకలో నడిపించండి, పాదాలు గట్టిపడతాయి.

తిండి దగ్గర జాగ్రత్త మీకే ఎక్కువ కావాలి. మీ జేబులోని జీడిపప్పు, కిస్‌మిస్ పొట్లంలో కిస్‌మిస్ కుక్క కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. రోడ్డు పక్క బొంగు చికెన్ తిని ఎముకలు దానికి వేస్తారు అందరూ. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఆ రోజుల్లో వాకిళ్లలో టార్పాలిన్ల మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉంటాయి. తియ్యటి తొక్క కోసం మేసిందంటే లోపలి గింజలోని కెఫీన్ దానికి విషం. ఒళ్లు నొప్పులని మన పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రలూ వేయకండి.

గొలుసు విప్పొద్దు. మీవాడు ఎంత మంచివాడైనా గిరిజనుల పెరట్లో నాటుకోడిని చూస్తే లాబ్రడారే. ఎలుగుబంటిని మొరిగి రెచ్చగొట్టి, అది తరిమితే మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. రాత్రి గుడారం బయట కట్టేయడమంటే చిరుతకి విస్తరి వేసినట్టే. రిజర్వు ఫారెస్టులో గుడారానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. సాధన కోసం కంబాలకొండకి తీసుకెళ్లొద్దు, అది అభయారణ్యం. మన కుక్క జబ్బులు అక్కడి జంతువులకి అంటుకుంటాయి.

తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో, పట్టీ కింద పిడుదులు వెతకండి. రెండు మూడు వారాల్లోపు తిండి మానేసినా, ముక్కున రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో ఉన్నా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

బస్తాతో మీ ఆయన మూడో అంతస్తులోనే ఆగిపోతే, మీ అత్తగారు చెప్పినట్టు వినండి.

ప్రశ్న: కిరండూల్ రైల్లో అరకుకి కుక్కను తీసుకెళ్లవచ్చా సార్? అద్దాల బోగీలో కూర్చోబెట్టాలని మా పిల్లల ఆశ.
– గాజువాక పాఠకుడు

జవాబు: ఆ ఆశ వదులుకోమనండి. చైర్ కార్‌లోకి, స్లీపర్‌లోకి కుక్కను రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదైతే కుదురుతుంది, లేదంటే పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో పెట్టాలి. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. పిల్లలు ముందు పెట్టెలో కేరింతలు కొడుతుంటే అది వెనక చీకట్లో వణుకుతుంటుంది. కారులో ఎస్.కోట మీదుగా వెళ్లండి. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టకండి, లేకపోతే ఘాట్ మలుపుల్లో సీటు కడుక్కోవాలి.

ప్రశ్న: కొండెక్కే కుక్కకి బూట్లు అవసరమా?
– సీతమ్మధార పాఠకురాలు

జవాబు: మిరియానికి నాలుగు కాళ్లకీ కుట్టించాను. మొదటి వాగులో రెండు వదిలేసింది, మిగతా రెండూ నమిలేసింది. పల్లేరు ముళ్లు తీయడానికి ఒక పట్టకారు పట్టుకెళ్లండి, చాలు.