కాలం లేని క్రియలు

ప్రశ్న: ఎస్పెరాంటో వంటి కృత్రిమ భాషల్లో క్రియలు కాలాన్నీ, ఆజ్ఞ, షరతు వంటి అర్థాలనూ ఎలా తెలుపుతాయి? అసలు క్రియకు కాలమే లేని భాషను కల్పించవచ్చా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: 1887లో జామెన్‌హోఫ్ ప్రకటించిన ఎస్పెరాంటోలో ధాతువు ఎన్నడూ మారదు. వెళ్లడమనే అర్థమున్న 'ఇర్' ధాతువుకు 'ఆస్' చేరితే వర్తమానం, 'ఇస్' చేరితే భూతం, 'ఓస్' చేరితే భవిష్యత్తు; షరతును తెలిపే చేదర్థకానికి 'ఉస్', ఆజ్ఞను తెలిపే విధ్యర్థకానికి ఒట్టి 'ఉ'. క్రియలో లింగ, వచన, పురుష భేదాలు కనిపించవు గనుక వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు అనే మూడింటికీ 'ఇరిస్' ఒక్కటే చాలు. పని తీరును చెప్పడానికి వేరే ఏర్పాటు ఉంది: 'కాంటిస్' అంటే పాడాడు, ముందు 'ఎక్' చేర్చి 'ఎక్‌కాంటిస్' అంటే పాట అందుకున్నాడు, మధ్యలో 'ఆడ్' చేర్చి 'కాంటాడిస్' అంటే పాడుతూనే ఉన్నాడు. ఈ పొందిక ముచ్చటైనదే, కానీ మరీ నున్నగా ఉందని నాకనిపిస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు, స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథా చిత్రాల కోసం మార్క్ ఓక్రాండ్ రూపొందించిన క్లింగాన్ భాష. అందులో కాలప్రత్యయాలు లేవు. నిన్న, రేపు వంటి మాటలు గానీ సందర్భం గానీ ఆ పని చేస్తాయి. అయితే పని స్థితి విషయంలో ఆ భాష మహా పట్టింపుగలది. పూర్తయిన పనికి 'పు' చేరుతుంది, కావాలని పూనుకొని ముగించిన పనికి 'తా' చేరుతుంది. సాగుతున్న పనికి సాధారణంగా 'తాఖ్' వాడతారు, ఒక గమ్యం వైపు సాగుతున్నదైతే 'లి' వాడవచ్చు. తెలుగులోనూ 'వెళ్తాడు' అన్న ఒక్క రూపమే రోజూ వెళ్లడానికీ రేపు వెళ్లడానికీ సరిపోతోంది కదా, కాబట్టి క్లింగాన్ పద్ధతి మనకు మరీ వింతేమీ కాదు.