గిటారు తయారీ నేర్చుకోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు బెంగుళూరులో ఒక లూథియర్ (గిటార్లు తయారుచేసే పనివాడు) దగ్గర చేరి ఎలక్ట్రిక్ గిటార్ల తయారీ నేర్చుకోవాలనుకుంటున్నావని అక్క ఫోనులో చెప్పింది. ఇంజనీరింగ్ చదివి కొయ్యపనికి పోవడమేమిటని బావ దిగులు పడుతున్నారని, నీకు నచ్చజెప్పే పని నాకు అప్పగించారని కూడా చెప్పింది. నిన్ను ఆపాలని నాకు లేదు. తిరుపతిలో వీణలూ గిటార్లూ బాగుచేస్తూ ఇల్లు గడుపుకొచ్చినవాణ్ణి కనుక, నువ్వు బయల్దేరేలోపు నీకు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముఖ్యమైనది ముందే చెబుతాను. చేరీ చేరగానే కొత్త గిటారు చేయాలని తొందరపడకు. మొదటి కొన్ని నెలలు మరమ్మతు బల్ల దగ్గరే కూర్చోబెట్టమని నువ్వే గురువుగారిని అడుగు. ఈ పని నేర్చుకోవాలని వచ్చే పిల్లలందరికీ బాడీ ఆకారం మీద, రంగు మీద, పాలిష్ మీద మోజు ఉంటుంది. కానీ వాయించేవాడి చెయ్యి రోజంతా ఉండేది నెక్ మీద, అంటే తీగలు సాగే పొడవాటి మెడ మీద. నెక్ వంగిన గిటార్లు, ఫ్రెట్లు (నెక్ మీది లోహపు మెట్లు) అరిగినవి, తల దగ్గర తీగలు ఆనే నట్ అనే చిన్న పట్టీలోని గాడులు లోతైపోయి తీగ జరజరమనేవి నీ చేతిమీదుగా వందల కొద్దీ పోతే, ఏ పొరపాటు ఎన్నేళ్లకు ఎలా బయటపడుతుందో నీకే తెలిసివస్తుంది. కొత్త గిటార్లు మాత్రమే చేసేవాడికి ఆ చదువు దొరకదు.

ఫ్రెట్లు సమం చేయడాన్నే తీసుకో. ముందు నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని తిప్పి నెక్‌ను తిన్నగా చేస్తారు. తర్వాత ప్రతి ఫ్రెట్ నెత్తిన మార్కర్ సిరా పూసి, ఉప్పు కాగితం అంటించిన చదునైన ఉక్కు పట్టీతో నెక్ పొడవునా తేలికగా రుద్దుతారు. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ల మీద సిరా ముందు పోతుంది, పల్లంగా ఉన్నవాటి మీద నిలిచి ఉంటుంది. అన్నిటి మీదా సిరా పోయిన క్షణంలో చెయ్యి ఆపాలి. ఆ తర్వాత రుద్దే ప్రతి రుద్దూ ఫ్రెట్ ఆయుష్షును తగ్గించేదే. ఇక చదునైపోయిన నెత్తులకు మళ్లీ సిరా పూసి, నడుమ సన్నటి గీత మాత్రం మిగిలేలా ఆకురాయితో రెండు వైపులా గుండ్రం చేస్తారు. చెప్పుకోవడానికి ఇంతే గానీ, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడానికే నెలలు పడుతుంది.

కొలతల విషయంలో వీణకూ గిటారుకూ ఉన్న తేడాను మనసులో పెట్టుకో. వీణలో 24 మెట్లనూ మైనంలో నిలుపుతాం. శ్రుతి తప్పితే ఆ మైనం తీసి మళ్లీ మేళం కట్టుకోవచ్చు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. రంపం గాడిని ఎక్కడ కోస్తే ఫ్రెట్ అక్కడే ఉంటుంది. తీగ పొడవును 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు దూరం వస్తుంది, మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదానికి దూరం వస్తుంది. ఫెండర్ కంపెనీ గిటార్లకు అలవాటైన 648 మిల్లీమీటర్ల పొడవు తీసుకుంటే మొదటి ఫ్రెట్ 36.37 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర. లెక్క నీకు కష్టం కాదు. అయితే గుర్తులు పెట్టేటప్పుడు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోవద్దు. ప్రతి దూరాన్నీ నట్ నుంచే కొలువు. లేకపోతే ఒక్కో గీత దగ్గర జరిగే వెంట్రుకవాసి తేడాలు కూడుకుని చివరి ఫ్రెట్ల దగ్గర అపశ్రుతిగా వినిపిస్తాయి.

మొదటి గిటారుకు నెక్‌ను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించు. 1950లో లియో ఫెండర్ అమ్మకానికి తెచ్చిన గిటారు నెక్ నాలుగు స్క్రూల మీదే నిలిచింది. కోణం తేడా వస్తే ఊడదీసి సరిచేసుకోవచ్చు, నెక్ పనికిరాకపోతే ఇంకొకటి చేసుకోవచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

కొయ్య గురించి మన వైపు వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మేలో చిత్తూరు ఎండకు పలక కుంచించుకుంటుంది, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలకు తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకని నెక్‌ను ఒకే రోజు తుది కొలతకు చిత్రిక పట్టవద్దు. కొంత లావుగా కోసి కొన్ని వారాలు అలాగే వదిలేస్తే, తిరగవలసిన మెలిక ఏదైనా ఉంటే అప్పుడే తిరుగుతుంది. తర్వాత సరిచేసి మళ్లీ కొన్నాళ్లు వదిలెయ్. ఆరని ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద ఫ్రెట్లు దిగే పలక) వేస్తే ఎండాకాలంలో కొయ్య లోపలికి పోయి ఫ్రెట్ కొసలు అంచున చేతికి గుచ్చుకుంటాయి. ఫ్రెట్‌బోర్డ్‌కు మన జిట్రేగిని (రోజ్‌వుడ్) మించినది వెతకనక్కర్లేదు, విదేశాల్లోని తయారీదారులు కూడా దాన్ని తెప్పించుకుంటారు. బిల్లు ఇచ్చే డిపోలోనే కొను. బాడీకి బాగా ఆరిన, తేలికైన మహాగని చాలు. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ (తీగల కింద ఉండే, అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన భాగం) పట్టుకునేది తీగ కదలికను కనుక, బాడీ కొయ్యను బట్టి స్వరం ఎంత మారుతుందన్న వాదనల్లో నీ కాలం ఖర్చు చేయకు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మనది శేషాచలం కింద ఉన్న ఊరు. అందమైన ముక్క ఉంది, చవగ్గా ఇస్తామని ఎవరో ఒకరు నీకు ఎర్రచందనం చూపించకపోరు. కాగితాలు లేని ఎర్రచందనాన్ని అరచేతి వెడల్పు ముక్కయినా ముట్టుకోవద్దు. అది నేరం, పైగా ఆ అడవిలో దొంగతనంగా చెట్లు నరకడానికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు పేద కూలీలు. నీళ్లలో మునిగిపోయేంత బరువైన కొయ్య, గిటారు బాడీకి ఎటూ సరిపోదు.

బెంగుళూరు వెళ్లేలోపు రెండు పనులు ఇక్కడే నేర్చుకోవచ్చు. ఒకటి పదును పెట్టడం. మీ వీధిలో కొయ్యపని చేసే ఆచారి గారి దగ్గర కూర్చుని, ఉలీ చిత్రిక బ్లేడూ రాతిమీద ఎలా నూరుతారో చూసి, ఆయన సరేననేదాకా నూరు. మొద్దు ఉలితో ఎవరూ చక్కని నెక్ చెక్కలేదు. రెండోది తీగ చుట్టడం. పంపుసెట్ల మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఏదైనా చాలు. పికప్‌కు వాడే 42 గేజి రాగి తీగ మందం 0.06 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటారు తరహా పికప్‌కు దాదాపు ఎనిమిది వేల చుట్లు పడతాయి. మోటారు తీగ దానికంటే లావే అయినా, తీగ తెగకుండా, వదులు కాకుండా వేళ్ల మధ్య ఎంత బిగువుగా పట్టుకోవాలో అక్కడ అలవాటవుతుంది.

కరెంటు మాట వచ్చింది కనుక ఇది మరువకు. ఎలక్ట్రిక్ గిటారు తీగలు, బాడీ మీద అవి ఆనే బ్రిడ్జి ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్లిఫయర్‌లో లోపం ఉండి, ఇంటి ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే, ఆ కరెంటు తీగ మీదికి, అక్కడి నుంచి వాయించేవాడి చేతికి వస్తుంది. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గుతో ఏ గిటారునూ పరీక్షించవద్దు. అలాగే కొయ్య పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, జిట్రేగి పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. మాస్కు లేకుండా రుద్దవద్దు. రంగు స్ప్రే చేసేటప్పుడు బట్ట మాస్కు పనికిరాదు, రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కే పెట్టుకోవాలి.

ఇక గురువుగారి విషయం. ఆయన షోకేసులోని కొత్త గిటార్లు చూసి నిర్ణయించుకోవద్దు. ఐదారేళ్ల కిందట ఆయన చేసినవి ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో అడిగి, వాళ్ల ఇంటికి వెళ్లి చూడు. నెక్ తిన్నగా ఉండి, అంతకాలంగా రోజూ వాయిస్తూ ఉంటే ఆ మనిషి దగ్గర చేరు. రెండు వారాల్లో గిటారు చేయించి పంపే కోర్సులు ఉంటాయి. వాటిని తప్పు పట్టను గానీ, అందులో కీలకమైన కోతలన్నీ గురువే చూసుకుంటాడు. నీకు కావలసింది రోజూ బల్ల దగ్గర నిలబడే అవకాశం. ఫీజు ఎంత, కొయ్యా సామానూ ఎవరివి, నువ్వు చేసిన మరమ్మతులకు డబ్బు ఇస్తారా అనేవి మొదటి రోజే మర్యాదగా అడిగి తేల్చుకో. బావకు నేను చెప్పబోయేది కూడా ఇదే: చేసేవాడి పేరు మీద గిటార్లు అమ్ముడయ్యేదాకా ఈ పనిలో అన్నం పెట్టేది మరమ్మతే, అది వచ్చినవాడికి ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది.

వచ్చే ఆదివారం నీ పాత గిటారు తీసుకుని తిరుపతికి రా. సన్నటి సందులు కొలవడానికి మోటార్ మెకానిక్కులు వాడే ఫీలర్ గేజి ఒకటి కొనుక్కుని రా. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో కొలిచి రాసుకో. 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల లేకపోతే ట్రస్ రాడ్‌ను నువ్వు తిప్పవద్దు, నా ఎదుట తిప్పుదువుగాని.

ఇట్లు,
మీ మామయ్య