పింటో బీన్స్ తిన్నాక వాంతులు: గింజలు పారేయనక్కరలేదు, ఉడికించే తీరు మార్చండి

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు మూడు కిలోల పింటో బీన్స్, వాటితోపాటు సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ తెచ్చాడు. గింజలు నానబెట్టకుండానే రాత్రి అందులో వేసి, ఉదయం కూర చేశాను. గింజ కాస్త గట్టిగానే ఉంది. తిన్న రెండు గంటలకు నాకు, పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. సాయంత్రానికి తగ్గాయి. మా ఆయనకు 52 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. అత్తయ్యగారిది ఉద్దానంలోని కవిటి. ఆమె క్రియాటినిన్ 2.4. ఆ రోజు వాళ్లిద్దరూ ఆ కూర తినలేదు. ఈ గింజలు ఇంట్లో వాడవచ్చా? - ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: పారేయకండమ్మా, అవి మంచి ఆహారమే. ఒంటి మీద మచ్చలుండే ఈ గింజ, మన అరకు, చింతపల్లి కొండల్లో పండే రాజ్మా ఒకే జాతివి. కాబట్టి రాజ్మా విషయంలో తీసుకునే జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. ఈ జాతి పచ్చి గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. ఎర్ర రాజ్మాలో ఇది ఎక్కువ, పింటోలో తక్కువ. అయినా సరిగా ఉడకని గింజ పేగులను బాధిస్తుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలై, ఆ తరువాత విరేచనాలై, కొన్ని గంటల్లో వాటంతటవే తగ్గిపోవడం దీని లక్షణం. మీరు రాసిన వివరాలు దీనికి సరిపోతున్నాయి. నీళ్లు తెర్లి మరిగితేనే ఆ పదార్థం నశిస్తుంది. స్లో కుక్కర్‌లో వేడి చాలాసార్లు 80 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కనుక, ఎన్ని గంటలు ఉంచినా ఆ పని జరగదు; పైగా అలా సగం ఉడికిన గింజ పచ్చి గింజ కంటే ఎక్కువ కీడు చేయగలదు.

ఇకపై రాత్రి గింజలకు మూడింతల నీళ్లు పోసి ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, ఉదయం ఆ నీళ్లు పూర్తిగా పారబోయండి. కడుపు ఉబ్బరానికి కారణమయ్యే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లతోనే పోతాయి. కొత్త నీళ్లు పోసి, మూత తీసిన గిన్నెలో పెద్ద మంట మీద కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కనుక అరగంట ఉంచమంటాను. ఆ తరువాత ప్రెషర్ కుక్కర్‌లో పెట్టండి. విజిళ్ల లెక్క ఒక్కో కుక్కర్‌కు ఒక్కోలా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పలుకు తగలకుండా వెన్నలా నలగడమే అసలు గుర్తు. చింతపండు పులుపు ముందే పడితే గింజ మెత్తబడదు కాబట్టి, దాన్ని చివరలో పోయండి. త్వరగా ఉడుకుతుందని వంటసోడా వేసే అలవాటును నేను ఒప్పుకోను. దానివల్ల బి1 విటమిన్ నశిస్తుంది, బీపీ ఉన్నవారికి అక్కరలేని సోడియం చేరుతుంది. ఇలా ఉడికిన గింజలను ఆనపకాయ ముక్కలతో పులుసు పెట్టుకున్నా, తోటకూరతో కలిపి వండుకున్నా, మన పద్ధతిలో ఆవ పెట్టి కూర చేసుకున్నా కడుపు నిండుతుంది, బలమూ వస్తుంది.

మీవారి విషయానికి వస్తే, ఉడికిన గింజలు 100 గ్రాములకు సుమారు 140 కేలరీలు, 9 గ్రాముల మాంసకృత్తులు, 26 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఆ 26 గ్రాముల్లో దాదాపు 9 గ్రాములు పీచే. అందుకే అన్నంతో పోలిస్తే వీటివల్ల రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అయితే ఎప్పటిలా అన్నం తిని, పైన గింజలు కూడా తింటే ఆ మేలు దక్కదు. గింజలు ఎంత వడ్డిస్తే అన్నం అంత తగ్గించాలి. పులుసులో బెల్లం వేసే మన అలవాటు ఆయన వాటాలో మానేయండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ గానీ వాడుతుంటే, అన్నం తగ్గించిన రోజుల్లో చక్కెర మరీ పడిపోకుండా గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వాడేవారికి గ్యాస్ మరింత ఎక్కువ కావచ్చు కనుక, మొదటి వారం రెండు మూడు చెంచాలకు మించి పెట్టకండి.

అత్తయ్యగారి మాట వేరు. క్రియాటినిన్ 2.4 అంటే మూత్రపిండాల పని బాగా తగ్గిందని అర్థం. ఉడికిన ఈ గింజల్లో 100 గ్రాములకు 430 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, సుమారు 150 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటాయి. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అంతవరకూ బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు పొటాషియాన్ని ఇంకా పెంచగలవు. అలాగని పప్పులన్నీ మాన్పించడమూ తప్పే. గింజలు తింటే కిడ్నీలు పాడవుతాయన్న మాట పట్టుకుని, ఉద్దానం వైపు నుంచి నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు కొందరు అంబలితోనే రోజులు గడుపుతూ కండ కరిగి నడవలేని స్థితికి చేరుకుంటున్నారు. అది చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. పరీక్షలో పొటాషియం, భాస్వరం అదుపులో ఉంటే, ఆమెను చూసే కిడ్నీ వైద్యుడు సరేనంటే, ఉడికించిన నీళ్లు వార్చేసిన గింజలు రెండు మూడు చెంచాలు, ఆ పూట పప్పుకు బదులుగా పెట్టవచ్చు. ఉడికించిన ఆ నీళ్లను మాత్రం చారులో కలపకండి. పొటాషియం వాటిలోకే దిగుతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కూడా ఆమెకు వద్దు, అందులో సోడియం స్థానంలో ఉండేది పొటాషియమే. ఈ వారమే పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చేవరకు ఆమెకు ఈ కూర వడ్డించకండి.