జైలు అత్యవసర దళంపై కథ రాస్తున్న తమ్ముడికి

కడప

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

కడప కేంద్ర కారాగారం నేపథ్యంగా నువ్వు రాసిన కథ చదివాను. బ్యారక్‌లో గొడవ రేగుతుంది, దళం లోపలికి దూసుకుపోతుంది, లాఠీలు లేస్తాయి, అంతా సద్దుమణుగుతుంది. వాక్యాల్లో మంచి వేగం ఉంది. అయితే చెయ్యి ఎప్పుడు ఆపాలో నేర్పడమే అలాంటి దళానికిచ్చే శిక్షణకు ప్రాణమన్న సంగతి మాత్రం కథలో ఎక్కడా కనిపించలేదు.

గదిలో మొండికేసిన ఒక్క ఖైదీని బయటికి తీసుకురావడానికి అమెరికా జైళ్లలో సాధారణంగా ఐదుగురి జట్టును తయారుచేస్తారు. ముందున్నవాడు షీల్డు పట్టుకుంటాడు, వెనకవాళ్లకు ఒక్కొక్కరికి ఒక చెయ్యో కాలో అప్పగిస్తారు, మరొకరు కెమెరాతో మొదటినుంచి చివరిదాకా చిత్రీకరిస్తారు. తలుపు తీయకముందే లొంగిపొమ్మని స్పష్టంగా చెప్పి వ్యవధి ఇస్తారు. సంకెళ్లు పడ్డ మనిషిని బోర్లా వదిలేసి వీపుమీద బరువు మోపితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు గనుక, వెంటనే పక్కకు తిప్పి, శ్వాస ఆడుతోందో లేదో చూడాలని నేర్పుతారు. నీ కథ సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. మోకాలు ముందుగా ఎవరు తీశారు, నీళ్లు ఎవరు తెచ్చారు, జైలర్ రిజిస్టర్‌లో ఏమని రాశాడు అన్నవి నాకు కావాలి. అవసరానికి మించి బలం వాడకూడదనీ, వాడిన సంగతిని వెంటనే జైలు అధిపతికి తెలపాలనీ ఖైదీలతో ఎలా మెలగాలో చెప్పే 2015 నాటి ఐక్యరాజ్యసమితి మండేలా నియమాల్లో 82వది చెబుతుంది.

ఆ రిజిస్టర్‌ను కూడా గుడ్డిగా నమ్మవద్దు. 1971 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని అట్టికా జైలును ఖైదీలు పట్టుకుని సిబ్బందిని బందీలుగా ఉంచుకున్నప్పుడు చర్చలు తెగకముందే సాయుధ బలగాలను పంపారు. మొత్తం 43 మంది చనిపోయారు. బందీల గొంతులు ఖైదీలే కోశారని అధికారులు ప్రకటించారు గాని, ఆ దాడిలో బందీలు చనిపోయింది లోపలికి వెళ్లిన బలగాల తూటాలవల్లనేనని శవపరీక్షలో తేలింది.

ఇంకొక మాట. గొడవ అలారంతో మొదలు కాదు. ఒక బ్యారక్ మొత్తం అన్నం వెనక్కి పంపిన పూట, రోజూ పలకరించే ఖైదీ ముఖం తిప్పుకున్న పూట, అది ముందుగా కనిపెట్టేది అక్కడ కాపలా ఉండే వార్డరే. మన ఎండల్లో హెల్మెట్ పెట్టుకుని డ్రిల్ చేసేదీ, అవసరం పడితే తనకు పేరు తెలిసిన మనిషి ముందే షీల్డు పట్టుకుని నిలబడేదీ అతనే కావచ్చు. కథను అతని వైపునుంచి తిరగరాయి. ఆ గొడవ పేరా సగానికి తగ్గినా ఫరవాలేదు. రాసింది వచ్చే నెలలోగా నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి