ఇంటి చదువుకు పాత పుస్తకాలు ఎలా చదువుకోవాలంటే

విజయనగరం

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలిద్దరికీ టెక్కలిలో ఇంట్లోనే చదువు చెప్పుకోవాలనుకుంటున్నావనీ, ఇంగ్లాండు విద్యావేత్త షార్లెట్ మేసన్ పిల్లల చదువు మీద రాసిన ఆరు సంపుటాలూ, గుజరాతీ విద్యావేత్త గిజుభాయి ‘పగటి కల’, చలం ‘బిడ్డల శిక్షణ’ ఒక్కసారే ముందేసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముందు వాటిలో ఒక్కటి మాత్రం ఉంచుకుని మిగతావి అటకెక్కించు. అన్నీ కలిపి చదివితే సోమవారం ఒక పద్ధతి, గురువారం ఇంకో పద్ధతి అవుతుంది. పిల్లలకి ఏదీ అలవాటు కాదు.

మేసన్‌తో మొదలుపెట్టాలంటే మొదటి సంపుటం చాలు. 1886లో వచ్చింది, తొమ్మిదేళ్ల లోపు పిల్లల గురించి. అందులోనూ ఆరుబయట గడపడం గురించిన రెండో భాగం, పాఠాల గురించిన ఐదో భాగం ముందు చదువు. రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు పేజీలు, అంతే. నోటుబుక్కులో పేజీని మూడు గడులుగా గీసుకో. మొదటి గడిలో ఆమె చెప్పింది, రెండో గడిలో ఆమె ఎలాంటి ఇంటిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది, మూడో గడిలో మన ఇంట్లో అది ఎలా చెయ్యాలి. రెండో గడి వదిలేసిన వాళ్లే పాత పుస్తకాలతో దెబ్బ తింటారు. ఆమె మాటలు విన్న తల్లుల్లో చాలామంది ఇళ్లలో పిల్లల్ని చూసే ఆయాలుండేవారు. వంట, బట్టలు, పొలం అన్నీ నీ మీదే ఉన్నప్పుడు ఆ దినచర్యతో నిన్ను పోల్చుకుని కుంగిపోవడం అన్యాయం.

ఒక ఉదాహరణ చూడు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వాతావరణం బాగున్న ప్రతిరోజూ పిల్లలు నాలుగు నుంచి ఆరు గంటలు బయటే ఉండాలంటుంది. అది ఇంగ్లాండు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర అలా చేస్తే పిల్లలకి వడదెబ్బ తగులుతుంది. అక్టోబరంటే తుపాన్ల నెల, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే. కాబట్టి ఆ లెక్క తిరగేసుకో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువసేపు బయట, వేసవిలో తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర వరకే. పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం నీకు దగ్గరే, అదో అదృష్టం. చలికాలంలో పదిహేను రోజులకోసారి తీసుకెళ్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు ఎలా కడుతున్నాయో, పిల్లలకి ఏం తెచ్చి పెడుతున్నాయో చూసి, తేదీ వేసి బొమ్మ గీయించు. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెబుతారు. అది రాయించకు. ఆ రెండు జాతులూ మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచేవి. కళ్లతో చూసిందే నోటుబుక్కులోకి ఎక్కాలి.

ఇక మేసన్ పుస్తకంలో అసలు సొమ్ము, చదివి వినిపించి తిరిగి చెప్పించడం. చూడ్డానికి సులువు, చెయ్యడంలో పదిచోట్ల చెడుతుంది. ఆరేళ్లు నిండకముందు దీని జోలికి పోకు. నీ చిన్నదానికి ఇంకా టైముంది, అది ఆడుకోనీ. పెద్దవాడికి ఏడేళ్లు కదా, పంచతంత్రం కథలోంచి పది పన్నెండు వాక్యాలు ఒక్కసారే చదువు. ‘ఇప్పుడు నువ్వు చెప్పు’ అను. వాడు ఆగితే నువ్వూ ఆగు. మధ్యలో అందివ్వకు, ప్రశ్న వెయ్యకు. రెండోసారి చదివావా, మొదటిసారి వినక్కర్లేదని వాడికి తెలిసిపోతుంది. వారంలోనే ఆ అలవాటు పడుతుంది, వదిలించడానికి నెలలు పడుతుంది. రెండు ముక్కలే చెప్పి ఊరుకుంటే తప్పు వాడిది కాదు, భాగం పెద్దదైంది. మర్నాడు ఐదు వాక్యాలే చదువు. పాఠం ఏదైనా ఎనిమిదేళ్ల లోపు ఇరవై నిమిషాలు దాటకూడదని ఆమె చెప్పింది, అది మాత్రం ఇక్కడా అక్షరాలా పాటించు. రాయించడం పదేళ్ల దగ్గర చూసుకోవచ్చు.

‘నక్క ఎల్లిపోనాది’ అంటాడు వాడు. అననీ. ‘వెళ్లిపోయింది అనాలి’ అని అడ్డుపడితే వాడి ధ్యాస కథ మీంచి నీ మొహం మీదికి వస్తుంది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోరాడింది చదువు మాట్లాడే భాషలో ఉండాలనే. గిరిజనులైన సవర పిల్లల కోసం ముందు తాను సవర భాష నేర్చుకుని, తర్వాత వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన జిల్లాలో పిల్లాడి యాసకి సిగ్గుపడాల్సిన పని లేదు. పుస్తకాల తెలుగు వింటూ వింటూ అదే వస్తుంది. చిన్నయసూరి నీతిచంద్రిక మాత్రం ఇప్పుడే చదవకు. 1853 నాటి గ్రాంథికం, పదేళ్లు దాటాక రోజుకో పేరా రుచి చూపించు.

మేసన్ పుస్తకంలో చదవడం నేర్పే పేజీలు దాటెయ్. అవి ఇంగ్లీషు స్పెల్లింగు చిక్కుల కోసం రాసినవి. తెలుగులో రాసిందే పలుకుతాం. ప, వ, మ, య లాంటి పోలిక అక్షరాలు పక్కపక్కన పెట్టి తేడా చూపించు. పలక, వల, పడవ, తల లాంటి గుణింతం లేని మాటలు చదవగలిగాక దీర్ఘం చేర్చు, మామ, తాత, బాట. ఒక్కో గుణింతానికి వారం. క కా కి కీ అని పాట పాడించేస్తే పాడతారు, మధ్యలో ‘కీ’ ఒక్కటే చూపిస్తే తెల్లమొహం వేస్తారు.

మేసన్ పద్ధతి రెండు నెలలు నిలిచాక ‘పగటి కల’ దించు. అది కల్పన, పేరే చెబుతోంది. ఫలితాలు అంత త్వరగా వస్తాయనుకోకు. కానీ 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి పసిపిల్లల మధ్య పనిచేసిన మనిషి రాసింది. అందులో మాస్టారు మొదటి రోజు పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు, క్లాసంతా గోలగోలైపోతుంది. మర్నాడు కథ మొదలెడితే అందరూ చుట్టూ చేరతారు. నీకు పాఠం చెడిన రోజు ఆ రెండు రోజుల భాగం మళ్లీ చదువుకో. చలం పుస్తకం మీ ఆయన చేత కూడా చదివించు, కొట్టడం గురించి మీ ఇద్దరిదీ ఒకే మాట కావాలి.

పాత ప్రతులు కొనక్కర్లేదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మేసన్ సంపుటాలు ఉచితంగా దొరుకుతాయి. కావలసిన భాగం జిరాక్స్ తీయించుకో, ఫోనులో చదివితే రెండో పేజీకే చెయ్యి వేరేచోటికి పోతుంది.

మీ అత్తగారు పరీక్షల సంగతి అడుగుతారు. బడికి వెళ్లనివాళ్లకి పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)లో ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసి సరిచేయించు.

ఇట్లు
పెద్దమ్మ