సౌర తుఫానుకి కోనసీమ మీద ఓజోన్ తగ్గుతుందా?

సూర్యుడి నుంచి ప్రోటాన్ల తుఫాను వస్తే ఓజోన్ తగ్గుతుందంటున్నారు, మన డెల్టాలో వరికీ రొయ్యల చెరువులకీ యూవీ ఎక్కువ తగులుతుందా అని అడిగారు.

తగలదండి. ఓజోన్ తగ్గడం నిజమే గానీ అది ధ్రువాల దగ్గరి సంగతి. దక్షిణ భారతం మీద భూమి అయస్కాంత క్షేత్రాన్ని దాటి నిలువుగా కిందికి దిగాలంటే ప్రోటాన్‌కి సుమారు 16,000 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి కావాలి. తుఫాను ప్రోటాన్లలో ఎక్కువ భాగం 10 నుంచి కొన్ని వందల ఎంఈవీ లోపువే. అందుకే అవి అయస్కాంత అక్షాంశం 60 డిగ్రీలు దాటిన చోటే దిగుతాయి.

అక్కడ 10 ఎంఈవీ ప్రోటాన్ సుమారు 65 కిలోమీటర్ల ఎత్తున ఆగిపోతుంది, 100 ఎంఈవీది 30-35 దాకా వస్తుంది. దారిలో ప్రతి 35 ఎలక్ట్రాన్ వోల్టులకి ఒక అయాన్ జత (విద్యుదావేశం ఉన్న కణాల జంట) పుడుతుంది. ఒక్కో జతకి సుమారు 1.25 నత్రజని పరమాణువులూ, నీటి ఆవిరి ఉన్న ఎత్తుల్లో దాదాపు 2 హైడ్రోజన్, హైడ్రాక్సిల్ రాడికల్సూ (దేనితోనైనా ఇట్టే కలిసిపోయే కణాలు) తయారవుతాయి. ఈ రాడికల్స్ 50 కిలోమీటర్ల పైన ఓజోన్‌ని గబగబా తినేస్తాయి, కానీ వాటి ఆయుష్షు గంటలే. అసలు పేచీ, ఆ నత్రజని ఆక్సిజన్‌తో కలిసి అయ్యే నైట్రిక్ ఆక్సైడ్‌తో. అది ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ లాక్కుని నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ డయాక్సైడ్ విడి ఆక్సిజన్ పరమాణువు తగిలితే మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్ అయి ఇంకో ఓజోన్ మీద పడుతుంది. పై ఎత్తుల్లో ఎండే ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ని విడగొడుతుంది. ధ్రువ చలికాలపు చీకట్లో ఎండ ఉండదు కాబట్టి నెలల తరబడి నిలిచి, మెల్లగా ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి దిగుతుంది. 2003 అక్టోబర్ తుఫాను తర్వాత ఉపగ్రహాలు ఇదంతా కొలిచాయి.

చాలామంది పొరబడేది సౌర తుఫాను తీవ్రతని 1 నుంచి 5 దాకా చెప్పే స్కేళ్ల దగ్గర. ఓజోన్ కోసం చూడాల్సింది ప్రోటాన్ల ‘ఎస్’ స్కేలు, అయస్కాంత తుఫాను ‘జీ’ స్కేలు కాదు. 2024 మే తుఫాను జీ5, ప్రోటాన్ల లెక్కలో మాత్రం ఎస్2యే.

మనకి పనికొచ్చేది ‘జీ’. ఆ తుఫాను అయనోస్ఫియర్‌ని (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరని) కలచివేస్తుంది, జీపీఎస్ తప్పుతుంది. డ్రోన్‌తో చేలో మందు కొట్టేవాళ్లు ఆర్‌టీకే (జీపీఎస్‌ని సెంటీమీటర్ల దాకా సరిదిద్దే పద్ధతి) కచ్చితమైన ‘ఫిక్స్’ పోయి, అంత కచ్చితం కాని ‘ఫ్లోట్’ అని చూపిస్తే ఆపేయండి, లేకపోతే మందు పక్క చేలో పడుతుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలల్లో తుఫాను లేకపోయినా పొద్దుగూకాక ఇలా అవుతుంటుంది, ఆ రోజుల్లో పని ఉదయమే పెట్టుకోండి.